క్లారినెట్ పట్టుకుంటే ఫిజిక్స్ తప్పదు

మే నెల రాత్రి తొమ్మిదింటికి గుంటూరు బ్రాడీపేటలో పెళ్ళి ఊరేగింపు కదులుతుంది. ముందు జనరేటర్ వ్యాను, దాని మీద కీబోర్డు, స్పీకర్లు. వెనక డ్రమ్ములు, ట్రంపెట్లు, మధ్యలో ఒకే ఒక్క క్లారినెట్. మొదటి పాట పల్లవి పూర్తవకముందే క్లారినెట్ మనిషి ఒక చిన్న పని చేస్తాడు. మౌత్‌పీస్ కింద ఉండే పొట్టి ముక్కని, బ్యారెల్ అంటారు దాన్ని, రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం పైకి లాగుతాడు. ఊది చూస్తాడు. ఇంకొంచెం లాగుతాడు. పెళ్ళివారిలో ఎవరూ అది గమనించరు. అడిగితే ఆయన చెప్పే జవాబు కూడా చిన్నదే: "కీబోర్డు కంటే పైకి పోతోందండీ."

ఎందుకు పోతోంది? గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది, డిగ్రీకి సెకనుకి సుమారు 0.6 మీటర్ల చొప్పున. గొట్టం పొడవు అంతే ఉంటుంది కాబట్టి స్వరం పైకి లేస్తుంది. లెక్క ప్రకారం డిగ్రీకి దాదాపు 3 సెంట్లు. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య 100 సెంట్లు ఉంటాయి. క్లారినెట్లు తయారుచేసేవాళ్ళు 20 డిగ్రీలు దాటి ఏమంత వేడి లేని గదిని మనసులో పెట్టుకుని చేస్తారు. విజయవాడ మధ్యాహ్నం 42 డిగ్రీలు. కాగితం మీద లెక్క వేస్తే స్వరస్థానంలో సగానికి పైనే తేడా వస్తుంది. నిజంగా అంత రాదు, ఎందుకంటే గొట్టంలోకి పోయే ఊపిరి ఏ కాలంలో అయినా 35 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. డిసెంబరు పొద్దున ఆ ఊపిరి గొట్టాన్ని వెచ్చబరుస్తుంది, మే మధ్యాహ్నం అదే ఊపిరి చల్లబరుస్తుంది. అయినా మిగిలే తేడా చెవికి తెలుస్తుంది. పూర్వం మేళంలో అందరూ ఊదేవాళ్ళే కాబట్టి ఎండకి అందరూ కలిసే పైకి పోయేవాళ్ళు, గొడవ లేదు. కీబోర్డుకి ఎండ తగలదు. అక్కడ మొదలైంది చిక్కు.

బ్యారెల్ లాగితే సరిపోతుందా అంటే, సగం సరిపోతుంది. వేళ్ళన్నీ మూసి అట్టడుగు స్వరం ఊదితే లోపల కంపించే గాలి పొడవు 59 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వేళ్ళన్నీ ఎత్తేస్తే అది 25 సెంటీమీటర్లకి పడిపోతుంది. ఒక్క మిల్లీమీటరు లాగితే కింది స్వరం సుమారు 3 సెంట్లు తగ్గుతుంది, పైది సుమారు 7 సెంట్లు. అంటే ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు అందుకే బ్యారెల్ దగ్గర కొంత, నడుం దగ్గర, అంటే పై ముక్క కింది ముక్క కలిసే చోట కొంత లాగి పంచుతారు. ఈ లెక్క వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు. చేతికి తెలుసు.

ఆ లాగుడులో మూడు వృత్తులు కలిసి ఉన్నాయి. శ్రుతి కుదుర్చుకుని వాయించడం ఒకటి. ఎందుకు లాగాలో, ఎక్కడ ఎంత లాగాలో కుర్రాడికి చెప్పడం రెండోది. ఎన్ని డిగ్రీలకి ఎన్ని సెంట్లు అని కొలవడం మూడోది. మనవైపు ఈ మూడూ ముగ్గురు వేరువేరు మనుషుల దగ్గర ఉన్నాయి. వాళ్ళకి ఒకరితో ఒకరికి పరిచయం లేదు. వీణకో వయొలిన్‌కో దానివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. క్లారినెట్‌కి మాత్రం చాలా నష్టం, ఎందుకంటే ఈ వాయిద్యం మిగతా పిల్లనగ్రోవుల్లా, సన్నాయిల్లా నడుచుకోదు.

దీని పుట్టుక 1700 ప్రాంతంలో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో. యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ అనే వాద్య నిర్మాత అప్పటికి ఉన్న షాల్యుమో అనే చిన్న రీడు వాయిద్యానికి పై స్థాయి పలికించే కీ పెట్టాడని సంగీత చరిత్రకారులు చెబుతారు. రీడు అంటే మౌత్‌పీస్‌కి కట్టే, ఊదితే అదిరే పలచటి పలక. ఆ కీ నొక్కితే ఏం జరుగుతుందో చూడాలి. వేణువు మీద 'స' పట్టుకున్న వేళ్ళతోనే గట్టిగా ఊదితే పై 'స' పలుకుతుంది. సన్నాయిలో, నాదస్వరంలో కూడా అంతే. సాక్సోఫోన్‌లోనూ అంతే. క్లారినెట్‌లో 'స' వేళ్ళు అలాగే ఉంచి కీ నొక్కితే పై 'స' రాదు, దాన్ని దాటిపోయి తారస్థాయి 'ప' పలుకుతుంది.

కారణం గొట్టం ఆకారం. నాదస్వరం, సాక్సోఫోన్ పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతాయి. క్లారినెట్ లోపలి దారి దాదాపు 15 మిల్లీమీటర్ల వెడల్పుతో చాలా దూరం ఒకేలా పోతుంది, రీడు ఉన్న కొస శబ్దం దృష్టిలో మూసిన కొస. వేణువుకి రెండు కొసలూ తెరిచినట్టే లెక్క. ఒక కొస మూసిన సమాన గొట్టంలో మూల కంపనానికి మూడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు ఉండే అనుస్వరాలు బలంగా పుడతాయి, రెండు రెట్లు, నాలుగు రెట్లు ఉండేవి నీరసంగా ఉంటాయి. రెండు రెట్లు అంటేనే పై 'స'. అది లేదు కాబట్టి మూడో రెట్టుకి, అంటే పై 'ప'కి దూకుతుంది. అదే కారణంగా ఇంచుమించు అంతే పొడవున్న పాశ్చాత్య ఫ్లూట్ అట్టడుగు స్వరం 262 హెర్ట్జ్ దగ్గర ఉంటే, బి ఫ్లాట్ క్లారినెట్‌ది 147 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చిన్న గొట్టం, పెద్ద గొంతు. మంద్రంలో క్లారినెట్‌కి ఉండే ఆ బోలుగా, చీకటిగా ధ్వనించే గుణం కూడా ఇక్కడి నుంచే వస్తుంది.

దీన్ని ఫిజిక్స్ పాఠంగా వదిలేస్తే కుదరదు. సరళీ స్వరాలు నేర్చుకునే పిల్లాడి వేళ్ళ మీదికి వచ్చి కూర్చుంటుంది ఇది. ఒకటి శ్రుతిలో, అంటే సి ని షడ్జం చేసుకుని మోహనం వాయిస్తున్నాడనుకుందాం. పంచమానికి ఎడమ చూపుడు వేలితో ఒక కీ నొక్కితే చాలు, మిగతా రంధ్రాలన్నీ తెరిచే ఉంటాయి. పక్కనే ఉన్న చతుశ్శ్రుతి ధైవతానికి ఒక్కసారిగా ఎనిమిది వేళ్ళు పడాలి, స్థాయి కీతో సహా. 'ప ధ' అని పాడటానికి గొంతుకి క్షణం పట్టదు. క్లారినెట్ మీద అదొక వంతెన దాటడం. ఏ వేలు ఆలస్యమైనా కీచుమంటుంది. పైగా వంతెనకి ఇటువైపు 'ప' పలచగా, అటువైపు 'ధ' నిండుగా ఉంటాయి. రెండున్నర శ్రుతికి మారితే ఆ వంతెన రెండు మధ్యమాల మధ్యకి జరుగుతుంది. కాబట్టి ఏ రాగం ఏ శ్రుతిలో మొదలుపెట్టించాలి అనేది గురువు ఆలోచించి తేల్చాల్సిన విషయం. చాలాచోట్ల మాత్రం గురువుగారి శ్రుతే శిష్యుడి శ్రుతి. పిల్లాడు ఆ వంతెన దగ్గరే ఆరు నెలలు ఆగిపోయి, తనకి చేతకాదనుకుని కీబోర్డు క్లాసుకి పోతాడు.

సన్నాయి కుటుంబాల నుంచి క్లారినెట్‌కి వచ్చినవాళ్ళకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. చిలకలూరిపేట నాదస్వర సంప్రదాయం ఎంత గట్టిదో చెప్పడానికి షేక్ చినమౌలానా ఒక్క పేరు చాలు. కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, తమిళ దేశం చేత సంగీత కళానిధి అనిపించుకున్న మనిషి. ఆ బాణీ విన్న చెవి గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చుతూ పలికే తీరు కోసం వెతుకుతుంది. నాదస్వరంలో ఏడు రంధ్రాల మీద వేళ్ళు నేరుగా ఆడతాయి, సగం మూయొచ్చు, జార్చొచ్చు. ఇప్పుడు ఎక్కువగా దొరికే బోమ్ పద్ధతి క్లారినెట్‌లో రంధ్రాలు 24. పారిస్‌లో క్లోజే అనే వాద్యకారుడు, బఫే అనే వాద్య నిర్మాత కలిసి 1840 ప్రాంతంలో రూపుదిద్దిన పద్ధతి అది. ఆ 24లో వేళ్ళు నేరుగా తాకేవి ఏడే, మిగతావన్నీ కీల కింద ప్యాడ్‌లతో మూసుకునేవి. ప్యాడ్ తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది, దానికి మధ్యస్థం తెలియదు.

అయినా ఈ వాయిద్యం మన సంగీతంలోకి వచ్చింది. ఇంగ్లీషు బ్యాండ్ల నుంచి తంజావూరు దర్బారుకి, అక్కడి నుంచి నాట్య మేళానికి 19వ శతాబ్దంలోనే చేరింది. మహాదేవ నట్టువనార్ తెచ్చారని చెబుతారు. తర్వాతి కాలంలో తిరుచ్చికి చెందిన ఎ.కె.సి. నటరాజన్ దాన్ని నృత్యం పక్కవాద్యం స్థాయి నుంచి తీసి కచేరీ మధ్యలో కూర్చోబెట్టారు. ఆయనకి సంగీత కళానిధి 2008లో, పద్మశ్రీ 2022లో వచ్చాయి. కద్రి గోపాల్‌నాథ్ సాక్సోఫోన్‌కి వచ్చినంత జనాదరణ క్లారినెట్‌కి రాకపోవడానికి గోపాల్‌నాథ్ ప్రతిభ, ఆ కాలం, క్యాసెట్లు అన్నీ కారణాలే. అయితే 'స' నుంచి 'స'కి దూకే గొట్టం చేతికి రావడం కూడా చిన్న వెసులుబాటేం కాదు. ఈ మాట ఎందుకో ఎవరూ అనరు.

మరి ప్యాడ్‌లు అడ్డం ఉండగా గమకం ఎక్కడి నుంచి వస్తోంది? గురువులు "ఊదకు, పాడు" అంటారు. శిష్యులు తలూపుతారు, ఏం చేయాలో మాత్రం తెలియదు. ఈ ప్రశ్నకి జవాబు సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో దొరికింది, అదీ మన సంగీతం కోసం వెతికితే కాదు. అమెరికా స్వరకర్త గెర్ష్విన్ 1924లో రాసిన 'రాప్సొడీ ఇన్ బ్లూ' ఒక క్లారినెట్ జారుతో మొదలవుతుంది, కింద నుంచి పై దాకా మెట్లు లేకుండా జారిపోయే స్వరం. అది ఎలా సాధ్యమో తెలుసుకోవడానికి అక్కడి పరిశోధకులు జెర్ మింగ్ చెన్, జో వూల్ఫ్, జాన్ స్మిత్ మౌత్‌పీస్‌లోనే కొలిచే ఏర్పాటు పెట్టి, వాయిస్తుండగానే వాద్యకారుల నోటి లోపలి ప్రతిధ్వనిని కొలిచారు. ఫలితాలు 2009లో వచ్చాయి. తేలిందేమిటంటే, పై స్థాయిలో నోరు, నాలుక, గొంతు కలిసి రెండో గొట్టంలా పనిచేయగలవు. ఆ రెండో గొట్టాన్ని అనుభవజ్ఞులు రీడు ముందు ఎంత బలంగా నిలబెట్టగలరంటే, వేళ్ళు కదపకుండానే స్వరాన్ని కిందికి లాగేస్తారు. కింది స్థాయిలో అసలు గొట్టానిదే పైచేయి, నోటికి అంత అధికారం లేదు. పూర్తి జారుకి నోటితో పాటు వేళ్ళు రంధ్రాల మీంచి మెల్లగా జరగడమూ కావాలి.

ఈ ఫలితాన్ని గమకం వైపు తిప్పి చూస్తే పాఠం చెప్పే పద్ధతే మారుతుంది. తారస్థాయిలో కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, నోటితో సాధన చేయించాలి. మంద్రంలో అదే కంపితం వేళ్ళతో, ఆ ఏడు రంధ్రాల మీద, రీడు మీద పెదవి ఒత్తిడితో రాబట్టాలి. "పాడు" అన్న గురువుగారి మాట పై స్థాయికి అక్షరాలా నిజం, కింది స్థాయికి సగం నిజం. రీడు నంబరు ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. మెత్తటి రీడు గమకానికి తేలిగ్గా లొంగుతుంది, పైకి పోయేసరికి శ్రుతి జారిపోతుంది. గట్టిది శ్రుతి నిలుపుతుంది గానీ దవడ నొప్పి పుట్టిస్తుంది. ఒక్క నంబరు అందరికీ కుదరదు.

ఇలాంటి ఉపయోగం వేదిక మీద కూడా ఉంది. మనవైపు సభల్లో క్లారినెట్ కచేరీ అనగానే మైకు తీసుకెళ్ళి కింద గంట ఆకారంలో ఉండే బెల్ ముందు పెడతారు. ట్రంపెట్‌కి అది సరైన చోటు, శబ్దమంతా అక్కడి నుంచే వస్తుంది. క్లారినెట్‌లో బెల్ నుంచి గట్టిగా వచ్చేది అడుగున ఉన్న ఒకటి రెండు స్వరాలే. మిగతా స్వరాలకి శబ్దం చాలావరకు మొదటి తెరిచిన రంధ్రాల దగ్గరే బయటికి వచ్చేస్తుంది. సుమారు 1500 హెర్ట్జ్ దాటిన అంశాలు మాత్రం తెరిచిన రంధ్రాల్ని లెక్కచేయకుండా కిందిదాకా పోతాయి. ఫలితంగా ఆ మైకులో మంద్ర షడ్జం బూమ్మంటుంది, మధ్యస్థాయి పీలగా, పదునుగా వినిపిస్తుంది. శ్రోతలు వాద్యాన్నో, వాద్యకారుణ్ణో తప్పుపడతారు. మైకుని ఒక అడుగు దూరం జరిపి, రెండు చేతులకీ మధ్య, వాద్యం నడుముకి ఎదురుగా పెడితే సగం రోగం కుదురుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. సౌండ్ కుర్రాడితో కచేరీకి ముందు ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు.

ఆ 1500 హెర్ట్జ్ గీతని, దానికీ వాద్యం గుణానికీ ఉన్న సంబంధాన్ని విడమర్చి చూపినవాడు ఆర్థర్ బెనేడ్. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసరు, స్వయంగా క్లారినెట్ వాయించేవాడు, వాద్యాలు విప్పి లోపలి రంధ్రాల అంచులు చెక్కి మార్చేవాడు. ఆయన బాల్యం లాహోర్‌లో గడిచింది. అంతకన్నా ముందు మన దగ్గర సి.వి. రామన్ ఉన్నాడు. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన ఆ పిల్లాడు తర్వాత వయొలిన్ కమాను మీద, వీణ గుర్రం (బ్రిడ్జి) మీద పనిచేశాడు. మృదంగం తోలు మధ్య పూసే కరణ వల్ల అనుస్వరాలు శ్రుతిలోకి ఎలా వస్తాయో 1920లో ప్రపంచానికి చెప్పాడు. తీగ వాద్యాలకీ, తోలు వాద్యాలకీ దొరికిన ఆ శ్రద్ధలో ఊదే వాద్యాలకి మన దేశంలో దక్కింది తక్కువే.

పరికరాలు లేకపోవడం ఇప్పుడు సాకు కాదు. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో మాటల ధ్వని పరిశీలన కోసం తయారైంది, పాటకీ పనికొస్తుంది. ఫోనులో ఒక్క క్లారినెట్‌ని, తంబురా యాప్ ఆపేసి, ఒక నిమిషం రికార్డు చేసి అందులో వేస్తే స్వరం గీత కనపడుతుంది. తోడి రాగం గాంధారం వాయించి చూస్తే ఆ గీత ఎక్కడా నిలబడదు. రిషభం వైపు నుంచి మధ్యమం వైపుకి ఊగుతూనే ఉంటుంది. అదే ప్రయోగం గొంతుతో, వయొలిన్‌తో, క్లారినెట్‌తో చేసి మూడు గీతలూ ఒకదాని కింద ఒకటి పెడితే, క్లారినెట్ ఎక్కడ మెట్టు మీద తట్టుకుని ఆగిందో, ఎక్కడ సాఫీగా జారిందో చూపించి చెప్పొచ్చు. 2011లో బార్సిలోనా కేంద్రంగా మొదలైన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు, ఐఐటీ మద్రాసు తోడుగా, కర్ణాటక సంగీతాన్ని ఈ పద్ధతిలో చాలా లోతుగా చూసింది. విజయవాడ, గుంటూరు చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవ లేదు. ఏటా ఎన్నో ఈసీఈ బ్యాచ్‌లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం టాపిక్ లేక పాత టాపిక్కే తిప్పి రాస్తుంటాయి. పది కిలోమీటర్ల దూరంలో తోడి వాయించే మనిషి ఉన్నాడని వాళ్ళకి తెలియదు, ఆయనకి వాళ్ళ సంగతి తెలియదు.

బతుకుతెరువు విషయం చెప్పుకోకుండా ఇదంతా గాలిలో కట్టిన మేడే అవుతుంది. ఇక్కడ క్లారినెట్‌కి డబ్బు వచ్చేది ముహూర్తాల్లో. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నిండుగా ఉంటాయి. ఆషాఢం ఖాళీ. మూఢం వస్తే రెండు మూడు నెలలు వాద్యం పెట్టెలోనే. నిలకడైన జీతం కావాలంటే పోలీసు బ్యాండు, సైనిక బ్యాండు దారులున్నాయి. సైన్యంలో సంగీత శిక్షణ మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో, నౌకాదళానిది ముంబయిలో జరుగుతుంది. ఆ దారిలో పోయినవాడికి పాశ్చాత్య స్వరలిపి గట్టిగా వస్తుంది, గమకం పోతుంది. ఆకాశవాణి ఇంకో దారి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, ఆడిషన్ నెగ్గి గ్రేడు తెచ్చుకుంటే గౌరవం ఉంటుంది, కచేరీకి పిలుపులు వస్తాయి. నెల గడవడానికి అది సరిపోదు. సినిమా రికార్డింగుల్లో ఊదే వాద్యాల జాగా చాలావరకు కీబోర్డు తినేసింది. పాఠాలు చెప్పుకుందామంటే, వాద్యం కొనగలిగే తల్లిదండ్రులు గిటారు వైపు చూస్తారు.

పాఠాల్లో ఒక అపోహ డబ్బు దగ్గరే అడ్డం పడుతుంది. ఆఫ్రికాలో పెరిగే నల్లటి గట్టి చెక్కతో చేసిందైతేనే అసలు క్లారినెట్ అనీ, ప్లాస్టిక్‌ది బొమ్మ అనీ చెబుతారు. అమెరికా శాస్త్రవేత్త జాన్ బాకస్ 1964లోనే గోడ పదార్థానికీ నాదానికీ సంబంధం చూసి, తేడా లెక్కలోకి రానంత అని చెప్పాడు. లోపలి కొలతలు, రంధ్రాల అంచులు, మౌత్‌పీస్, రీడు, ఇవే నాదాన్ని నిర్ణయిస్తాయి. మంచి చెక్క వాద్యాల్లో ఆ కొలతలు శ్రద్ధగా చేస్తారు కాబట్టి బాగా పలుకుతాయి, చెక్క అయినందుకు కాదు. కృష్ణాతీరం తేమలో, రెంటచింతల ఎండలో తిరిగే విద్యార్థికి పగలని ప్లాస్టిక్ గొట్టమే మేలు. మిగిలిన డబ్బు మంచి మౌత్‌పీస్ మీద పెట్టడం తెలివైన పని.

చెవుల సంగతి కూడా ఈ లెక్కల్లోదే. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చని, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. 100 దగ్గర 15 నిమిషాలే. స్పీకర్ల వ్యానుకీ డ్రమ్ములకీ మధ్య రెండు గంటలు నడిచే మనిషికి ఈ అంకెలు ఎవరూ చెప్పరు. యాభై ఏళ్ళకి పై స్వరాలు సరిగా వినపడక, రీడు పాడైందని మారుస్తూ ఉంటాడు. ఇయర్ ప్లగ్ పెట్టుకుంటే తోటివాళ్ళు నవ్వుతారు. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టి చూపించే గురువు ఒక్కడున్నా ఆ నవ్వు ఆగుతుంది.

మొదటి పాఠంలోనే ఇదంతా మొదలుపెట్టడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు. ప్లంబింగ్ షాపులో అర అంగుళం పీవీసీ పైపు అడిగితే దొరుకుతుంది. లోపలి వెడల్పు ఇంచుమించు క్లారినెట్‌దే. అర మీటరు పైచిలుకు ముక్క కోసి, ఒక కొసకి మౌత్‌పీస్‌ని టేపుతో గాలి పోకుండా చుట్టి ఊదితే, తెల్లటి నీళ్ళ గొట్టం లోంచి నిజమైన క్లారినెట్ మంద్ర స్వరం వస్తుంది. పిల్లలు ముందు నవ్వుతారు. తర్వాత పైనుంచి మూడో వంతు దగ్గర మేకు కాల్చి సన్నటి రంధ్రం పెట్టి, దాన్ని వేలితో మూసి ఊదించాలి. ఆ స్వరాన్ని 'స' అని పాడించాలి. ఇప్పుడు వేలు తీసి ఊదమనాలి. ఏం పలుకుతుందో ముందే చెప్పమంటే క్లాసంతా పై 'స' అంటుంది. వేలు తీసిన పిల్లాడు ఊది, ఆగి, పాడి చూసుకుని, "ప వచ్చింది సార్" అంటాడు.